కౌండా మానవతావాదం: పాలితులకెంత, పాలకుడికెంత

అడిగిన ప్రశ్న సారాంశం ఇది. స్వాతంత్ర్యం తెచ్చిన తరానికి చెందిన ఆఫ్రికా నాయకులు మానవతావాదం, ఉజామా (కుటుంబ భావన), ఉబుంటు (ఇతర మనుషుల వల్లనే మనిషి మనిషి అవుతాడన్న భావన) అంటూ ఎంతో నీతి చెప్పారు. తీరా చూస్తే ఏకపార్టీ పాలన, విచారణ లేని నిర్బంధాలు, పిండి కోసం అల్లర్లు కనిపిస్తాయి. అటువంటప్పుడు ఆ నీతికి నాయకత్వంలో నిజమైన పాత్ర ఉన్నదా, లేక అది కుర్చీ మీద కప్పిన పట్టుబట్టేనా?

యాభైకి పైగా దేశాలున్న ఖండం మీద ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేవారిని నేను నమ్మను. అందుచేత నేను దగ్గరగా చూసిన జాంబియాను ప్రధానంగా తీసుకొని, పోలిక అవసరమైన చోట మాత్రమే టాంజానియాను, దక్షిణాఫ్రికాను ప్రస్తావిస్తాను. రాగి గనుల ప్రాంతమైన కాపర్‌బెల్ట్‌లోని కిట్వే పట్టణంలో 1984 నుంచి 1992 వరకు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో కాంట్రాక్టు మీద లెక్కలు చెప్పాను. జాంబియా తొలి అధ్యక్షుడు కెనెత్ కౌండా పాలనలోని చివరి ఏడేళ్లూ, ఆయన దిగిపోయిన రోజులూ నా కళ్ల ముందే గడిచాయి; తిరిగి వచ్చాక కూడా ఆ దేశ రాజకీయ చరిత్రను చదువుతూనే ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ఆ నీతి బూటకం కాదు. కాకపోతే అది ప్రజలను అడిగినంత గట్టిగా పాలకుణ్ని అడగలేదు. అడిగిన కొద్ది సందర్భాలలో మాత్రం చాలా గొప్ప పనులే చేయించింది.

ముందుగా మాట విషయం తేల్చుకోవాలి. తెలుగునాట మానవవాదం అనగానే ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదమో, విజయవాడలో గోరా నడిపిన నాస్తిక కేంద్రమో గుర్తుకు రావడం సహజం. కౌండా మానవతావాదానికి ఆ దారితో సంబంధం లేదు. ఆయన ఒక మిషన్‌లో పుట్టి పెరిగిన వ్యక్తి; తండ్రి డేవిడ్ కౌండా నేటి మలావీ అయిన న్యాసాలాండ్ నుంచి వచ్చి, నేటి జాంబియా అయిన ఉత్తర రొడీషియాలో చిన్‌సాలి దగ్గరి లుబ్వా మిషన్‌లో స్కాట్లండ్ చర్చి తరఫున బోధకుడిగా స్థిరపడ్డారు. ఆ క్రైస్తవానికి ఆఫ్రికా పల్లె జీవితం మీద మమకారం తోడైంది, గాంధీజీ ప్రభావం కలిసింది. మూడూ కలిసిన మిశ్రమానికి ఆయన పెట్టుకున్న పేరే మానవతావాదం. కాబట్టి దానిలో హేతువాదాన్ని వెదికేవారికి నిరాశే మిగులుతుంది.

ఆ నీతి పుస్తకాల కంటే ముందు మాంసం దుకాణం దగ్గర మొదలైందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. వలస పాలనలో నల్లవారిని చాలా మాంసం దుకాణాల లోపలికి రానిచ్చేవారు కాదు. గోడకు పెట్టిన చిన్న కిటికీ దగ్గర నిలబడి, లోపలివారు పొట్లం కట్టి అందించినదేదో పుచ్చుకొని, ఎంచుకునే హక్కు లేకుండానే డబ్బు చెల్లించి వెళ్లాలి. 1950లలో ఆ దుకాణాలను బహిష్కరించే ఉద్యమం నడిచినప్పుడు కౌండా మాంసం తినడమే మానేశారు. మనిషి గౌరవం అన్నది ఆయనకు ఆ కిటికీ దగ్గర తగిలిన దెబ్బ. దీనిని గుర్తు పెట్టుకుంటే తరువాతి కాలంలో ఆయన మొండితనం కొంత అర్థమవుతుంది.

1964 అక్టోబరు 24న జాంబియా స్వతంత్రమైనప్పుడు దేశమంతటా పట్టభద్రులైన జాంబియన్లు సుమారు వంద మంది మాత్రమే. ఎగుమతుల ఆదాయంలో 90 శాతానికి పైగా రాగిదే. ఆ రాగి డబ్బుతో కౌండా ప్రభుత్వం ఊరూరా బడులు, ఆసుపత్రులు కట్టింది. 1966లో విశ్వవిద్యాలయం తెరిచింది. మానవతావాదాన్ని అధికారిక సిద్ధాంతంగా వివరించే చిన్న పుస్తకం 1967లో వెలువడింది. మనిషిని మనిషి దోచుకోరాదు, ముసలివారినీ వికలాంగులనూ పల్లె ఎలా కడుపులో పెట్టుకునేదో దేశం కూడా అలాగే పెట్టుకోవాలి, మనిషి విలువను అతని సంపాదనతో తూచరాదు అన్నవి దాని మూల సూత్రాలు. 1968లో పెద్ద కంపెనీలలోనూ, 1969లో రాగి గనులలోనూ ప్రభుత్వం 51 శాతం వాటా తీసుకోవడానికి ఈ సూత్రాలనే ఆధారంగా చూపారు. నాకు చదువు చెప్పే ఉద్యోగం దొరికింది కూడా ఆ బడుల విస్తరణ వల్లనే కనుక ఈ భాగం గురించి నేను పూర్తిగా నిష్పక్షపాతిని కాదేమో.

అసలు చిక్కు పల్లెను దేశానికి నమూనాగా తీసుకోవడంలోనే ఉంది. పల్లె అంటే ఒక పెద్ద కుటుంబం, కుటుంబానికి ఒక్కడే తండ్రి, తండ్రి మీద పోటీకి దిగడం మర్యాద కాదు; ఈ వరుసలో ఆలోచిస్తూ పోతే ప్రతిపక్షం అన్నది రాజకీయ హక్కుగా కాకుండా కుటుంబ ద్రోహంగా కనిపించడం మొదలవుతుంది. కౌండాకు బడి రోజుల నుంచీ స్నేహితుడు, ఒకప్పటి ఉపాధ్యక్షుడు అయిన సైమన్ కప్వెప్వే 1971లో వేరే పార్టీ పెట్టారు. 1972లో ఆ పార్టీని నిషేధించి ఆయనను నిర్బంధించారు. అదే ఏడాది చివరికి జాంబియా చట్టరీత్యా ఏకపార్టీ దేశమైంది. స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు, లుంపా చర్చి అనే మతవర్గపు తిరుగుబాటు సందర్భంగా వలస ప్రభుత్వం విధించిన అత్యవసర పరిస్థితి 1991 దాకా కొనసాగింది. గని కార్మికుల వెన్నుదన్నుతో ఎదిగిన కార్మిక నాయకుడు ఫ్రెడరిక్ చిలుబాను 1981లో విచారణ లేకుండా నిర్బంధంలో ఉంచిన అధికారం ఆ అత్యవసర నిబంధనలదే. 1988 అధ్యక్ష ఎన్నికలో బ్యాలెట్ మీద ఉన్నది ఒక్క పేరు. ఓటరు చెప్పవలసింది అవుననో కాదనో. కౌండాకు 95 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. సభలలో మా బడి పిల్లలు 'కేకే వాముయాయా' అని గొంతెత్తి అరిచేవారు. 'కౌండా ఎప్పటికీ' అని దాని అర్థం. చేతిలో తెల్ల రుమాలు ఊపుతూ, మాట మధ్యలో కన్నీళ్లు పెట్టుకుంటూ ఆయన మాట్లాడే తీరులో నటన ఉందని నాకు ఏనాడూ తోచలేదు. నిజాయితీగల మనిషి చేతిలో కూడా నిర్బంధ చట్టం నిర్బంధ చట్టంగానే పనిచేస్తుందని మాత్రం అక్కడే తెలిసింది.

అలాగని ఆ మర్యాదను తీసిపారేయలేం. కిట్వేలో ఎక్కువగా వినిపించేది బెంబా భాష. దానిలో గౌరవం చూపాలంటే మన 'మీరు' వలెనే బహువచనం వాడతారు. 'మూలి షాని ముక్వయి' అంటే 'ఎలా ఉన్నారండీ' అని. ఆ 'ముక్వయి' మన 'అండీ'కి అచ్చమైన తోబుట్టువు. పెద్దావిడ ఎవరినైనా 'బామాయో' అంటారు, అంటే అమ్మగారు. దారిలో ఎదురైన మనిషి క్షేమం అడగకుండా పని మాట ఎత్తడం అక్కడ మోటుతనం. కౌండా తన సిద్ధాంతాన్ని గాలిలోంచి తీసుకోలేదు. ఈ నడవడి నుంచే తీసుకున్నారు. ఎదుటి మనిషిని పలకరించే నీతి అధ్యక్షుణ్ని ప్రశ్నించే నీతిగా ఎదగడానికి కావలసిన చోటును మాత్రం ఆయన వ్యవస్థ మిగల్చలేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో 1986 డిసెంబరులో చూశాను. అక్కడివారికి మొక్కజొన్న సంకటే అన్నం. దానిని న్షీమా అంటారు. పిండిలో రెండు రకాలు ఉండేవి: పొట్టు తీసి మెత్తగా ఆడించిన తెల్లపిండి ఒకటి, పేదలు కొనే ముతకపిండి ఒకటి. రాగి ధర 1975లో కూలిన నాటి నుంచీ ప్రభుత్వం అప్పుల మీద నడుస్తున్నది. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడితో తెల్లపిండి మీద రాయితీ ఎత్తివేశారు, ధర ఒక్కసారిగా 120 శాతం పెరిగింది. ముతకపిండి ధర పెరగదని ప్రభుత్వం చెప్పింది గాని, రాయితీ సొమ్ము తమకు సకాలంలో ముడుతుందన్న నమ్మకం లేని మిల్లుల వారు దానిని ఆడించడమే మానేశారు. దాంతో చవకపిండి కాగితం మీద ఉంది, కొట్టులో లేదు. మా వీధి చివర కొట్టు ముందు తెల్లవారకముందే ఖాళీ సంచులు వరుసలో పెట్టి, వాటి మీద రాయి ఉంచి, ఆడవాళ్లు చెట్టు కింద కూర్చునేవారు. పక్కింటి బామాయో మూడు రోజులు అలా వెళ్లి ఖాళీ సంచితోనే తిరిగి వచ్చింది. నాలుగో రోజు వరుస లేదు, అల్లరి ఉంది. కాపర్‌బెల్ట్ పట్టణాలలో కొట్లు దోచారు, కాల్పులు జరిగాయి, 15 మంది చనిపోయారు. కౌండా పెంపును రద్దు చేశారు, మిల్లులను ప్రభుత్వపరం చేశారు, 1987 మేలో ద్రవ్యనిధితో తెగతెంపులు చేసుకొని, ఎగుమతుల నికర ఆదాయంలో 10 శాతానికి మించి అప్పులకు చెల్లించబోమని ప్రకటించారు. 1989లో పిండికి కూపన్లు పెట్టారు. 1990 జూన్‌లో ధర మళ్లీ రెట్టింపు అయినప్పుడు రాజధాని లుసాకాలో ఇంకా పెద్ద అల్లర్లు చెలరేగాయి.

దీనిని కేవలం ఆర్థిక వైఫల్యంగానో, ద్రవ్యనిధి దుర్మార్గంగానో చెప్పి వదిలేసేవారున్నారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే మిల్లులు ముతకపిండి ఆడించడం లేదన్న సంగతి మా వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆ మాటను పార్లమెంటులో గట్టిగా లేవనెత్తే ప్రతిపక్షం లేదు, రాసే దినపత్రికలు ప్రభుత్వానివో పార్టీవో. బాధ్యతగల తండ్రికి కూడా ఇంట్లో కుండ ఖాళీ అయిందని ఎవరో ఒకరు భయం లేకుండా చెప్పగలగాలి కదా. ఆ మాట ఆయన దాకా చేరడానికి చివరికి కాల్పులే మార్గమయ్యాయి.

ఇక ఆ నీతి ఆయనను నిజంగా కట్టిపడేసిన సందర్భాల విషయానికి వస్తాను. నేటి జింబాబ్వే అయిన దక్షిణ రొడీషియాలోని అల్పసంఖ్యాక తెల్లవారి ప్రభుత్వం 1973 జనవరిలో సరిహద్దు మూసింది. తరువాత వారు తెరిచినా కౌండా తెరవనివ్వలేదు, 1978 అక్టోబరు దాకా మూసే ఉంచారు. సముద్రతీరం లేని దేశానికి, రాగిని రైలులో ఓడరేవుకు పంపితే తప్ప తిండి గడవని దేశానికి, ఆ నిర్ణయం ఎంత భారమో ఊహించుకోవచ్చు. చైనా సాయంతో టాంజానియా రేవు దార్ ఎస్ సలామ్ నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి దాకా 1,860 కిలోమీటర్ల రైలుమార్గం పూర్తయ్యే దాకా చాలా సరుకు లారీల మీద పోవలసి వచ్చింది. దక్షిణాఫ్రికా విముక్తి ఉద్యమమైన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రవాస కేంద్రం లుసాకాలోనే ఉండేది. జైలు నుంచి విడుదలైన మండేలా 1990 ఫిబ్రవరిలో మొదటి విదేశీ ప్రయాణంగా వచ్చింది అక్కడికే. పొరుగువాడి గౌరవం కోసం సొంత ఖజానాను పణంగా పెట్టిన పాలకులు ఏ ఖండంలోనైనా ఎందరుంటారు? ఆ ఖర్చు మోసింది కూడా చివరికి పిండి వరుసలోని ఆడవాళ్లే అన్న మాటను అయితే పక్కన పెట్టలేం.

రెండో సందర్భం ఇంటి లోపలిది. ఆయన కుమారుడు మసూజ్యో 1986 డిసెంబరులో మరణించారు. ఆ మరణానికి కారణం ఎయిడ్స్ అని మరుసటి ఏడాది కౌండా స్వయంగా, బహిరంగంగా ప్రకటించారు. ఆ రోజులలో ఆ జబ్బు పేరు పలకడానికే కుటుంబాలు సిగ్గుపడేవి. ఎన్నో ప్రభుత్వాలు మా దేశంలో అది లేదని దబాయించేవి. మా బడిలో ఆ ప్రకటన విన్న మరుసటి రోజు ఉపాధ్యాయుల గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాతే మా సహోద్యోగులలో కొందరు తమ ఇళ్లలోని చావుల గురించి మొదటిసారి నోరు విప్పారు. మానవతావాదం మీద ఆయన చేసిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఈ ప్రకటన ఒక ఎత్తు.

మూడోది 1991. ఒత్తిడికి తలొగ్గి బహుళపార్టీ ఎన్నికలకు ఒప్పుకున్నారు, అక్టోబరు 31న జరిగిన పోలింగ్‌లో చిలుబాకు సుమారు 76 శాతం, కౌండాకు 24 శాతం ఓట్లు వచ్చాయి. 150 స్థానాలున్న పార్లమెంటులో ఆయన పార్టీకి 25 మిగిలాయి. మూడేళ్ల క్రితం 95 శాతం ఇచ్చిన దేశమే ఇది. టెలివిజన్‌లో ఓటమిని ఒప్పుకొని, గెలిచినవాడికి అధ్యక్ష భవనం తానే తిప్పి చూపించి, నవంబరు 2న అధికారం అప్పగించారు. సైన్యం ఆయన చేతిలో ఉంది, అత్యవసర అధికారాలు ఉన్నాయి, కావాలనుకుంటే ఓట్ల లెక్కింపు ఆగేది. ఆ రాత్రి మా వీధిలో డప్పులు మోగాయి. బామాయో కూడా ఆయనకు వ్యతిరేకంగానే ఓటు వేసింది. ఆయన మాట్లాడుతుంటే మాత్రం లేచి వెళ్లకుండా చివరిదాకా విని, "పెద్దమనిషిలా దిగాడు" అని ఒక్క మాట అని సంకటి కలపడానికి లోపలికి వెళ్లిపోయింది.

టాంజానియాలో తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే చేసినది ఇక్కడ పోల్చదగినది, ఎందుకంటే ఆయన పాలకుడి మీద రాతపూర్వకంగానే కళ్లెం వేయబోయారు. 1967 ఫిబ్రవరి 5 నాటి అరూషా ప్రకటన ప్రకారం పార్టీలోనూ ప్రభుత్వంలోనూ నాయకత్వ స్థానంలో ఉన్నవారు కంపెనీలలో వాటాలు పెట్టుకోరాదు, డైరెక్టర్లుగా ఉండరాదు, రెండు జీతాలు తీసుకోరాదు, ఇళ్లు కట్టి అద్దెకు ఇవ్వరాదు. ఇటువంటి నియమావళిని జాంబియా కూడా తరువాత చేసుకుంది గాని, దానికి పట్టు అంతగా లేదు. అయితే అదే నైరేరే పాలనలో, ఉజామా పేరు మీద, 1970ల మధ్యలో లక్షల మంది రైతులను చెల్లాచెదురు ఇళ్ల నుంచి కొత్త గ్రామాలకు బలవంతంగా తరలించారు. కుటుంబ భావన అని అర్థం వచ్చే మాటతో పాత గుడిసెలను కూల్చిన సందర్భాలున్నాయి. ఆయన 1985లో తనంతట తాను దిగిపోయారు. 1991లో ఆయన వారసులు ఆ నాయకత్వ నియమాలను సడలించేశారు. పాలకవర్గం రాసుకున్న కళ్లెం కాబట్టి పాలకవర్గమే విప్పగలిగింది.

దక్షిణాఫ్రికాలో మాత్రం నీతి కోర్టుకు చేరింది. 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగపు చివరి భాగంలో ప్రతీకారం కాక అవగాహన, బలిపెట్టడం కాక ఉబుంటు కావాలన్న భావం రాశారు. మనిషి ఇతర మనుషుల వల్లనే మనిషి అవుతాడన్న సామెత ఆ మాట వెనుక ఉంది. 1995 జూన్ 6న కొత్త రాజ్యాంగ న్యాయస్థానం పదకొండు మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఉరిశిక్షను కొట్టివేసినప్పుడు, ఇవాన్ మొకోరో వంటి న్యాయమూర్తులు ఉబుంటును న్యాయవాదనలో భాగంగా వివరించారు. జనాభిప్రాయం ఉరివైపే మొగ్గి ఉన్నా, మనిషి గౌరవం ఓట్ల లెక్కతో తేలే విషయం కాదన్నది ఆ తీర్పు వెనుక ఉన్న వాదన. అదే న్యాయస్థానం 2016లో అధ్యక్షుడు జుమా తన సొంత ఇంటి మీద పెట్టిన ప్రజాధనం విషయంలో రాజ్యాంగాన్ని నిలబెట్టలేదని ముఖం మీదే చెప్పింది. ఇక్కడ కూడా పొగడ్తకు హద్దు ఉండాలి: వర్ణవివక్ష కాలపు దురాగతాలను విచారించిన సత్య, సయోధ్య సంఘం బాధితులకు ఆరేళ్ల పాటు ఏటా 17,000 నుంచి 23,000 రాండ్ల మధ్య ఇవ్వాలని సిఫారసు చేస్తే, ప్రభుత్వం 2003లో ఒక్కసారి 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. క్షమించమని అడిగిన నీతి, పరిహారం దగ్గరకు వచ్చేసరికి పొదుపు పాటించింది.

జాంబియాలో తరువాత జరిగినది కూడా ఇదే దారి. చిలుబా 1991 డిసెంబరులో దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించారు; 1996లో తల్లిదండ్రులలో ఏ ఒక్కరు జాంబియన్ కాకపోయినా అధ్యక్ష పదవికి అనర్హులని రాజ్యాంగం మార్పించి, మలావీ మూలాలున్న కౌండాను పోటీ నుంచి తప్పించారు; 1997 చివర తిరుగుబాటు ప్రయత్నం కేసులో ఆయనను నిర్బంధించారు. ఏ నిర్బంధం తాను రుచి చూశాడో దానినే తిరిగి వడ్డించాడన్నమాట. అయితే 2001లో చిలుబా మూడోసారి పోటీకి దారి వెదుకుతున్నప్పుడు చర్చిలు, న్యాయవాదుల సంఘం, మహిళా సంఘాలు ఒయాసిస్ ఫోరం పేరుతో ఒక్కటై అడ్డుకున్నాయి, ఆయన వెనక్కి తగ్గక తప్పలేదు. 1972లో కప్వెప్వే వెనుక అటువంటి కూటమి ఒకటి ఉండి ఉంటే ఏమయ్యేదో నేను తరచూ ఆలోచిస్తూ ఉంటాను.

కౌండా 2021 జూన్ 17న 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మనిషే కేంద్రమన్న సిద్ధాంతంతో 27 ఏళ్లు నడిచిన ఆయన ప్రభుత్వం ఉరిశిక్షను చట్టంలోంచి తీయలేదు. 2022 డిసెంబరులో అధ్యక్షుడు హిచిలేమా సంతకం చేసిన శిక్షాస్మృతి సవరణతో అది తొలగిపోయింది. అధ్యక్షుణ్ని దూషించడం నేరమన్న సెక్షన్ కూడా అదే సవరణతో పోయింది.